ఊ కొట్టే నలుగురు ఉంటే చాలు: రోజువారీ మంచీచెడూ ఫ్రెండ్స్‌తో ఆన్‌లైన్‌లో ఎలా చెప్పుకోవాలి

చిన్నప్పుడు అమ్మమ్మ కథ చెప్తుంటే మనం ఊ కొట్టాలి, గుర్తుందా. ఊ ఆగిందంటే పిల్లలు నిద్రపోయారనుకుని అమ్మమ్మ కథ ఆపేసేది. పెద్దయ్యాక మన కథలకి ఊ కొట్టేవాళ్ళు దొరకడమే కష్టమైపోయింది, ఇంటి నిండా మనుషులున్నా ఎవరి హడావిడి వాళ్ళది, పక్కింటావిడతో చెప్తే సాయంత్రానికి వీధంతా తెలుస్తుంది, అమ్మకి చెప్తే ఆ రాత్రి తను నిద్రపోదు.

మేము హాస్టల్లో ఒకే రూమ్‌లో ఉన్న ఐదుగురం. నేను విజయవాడ, ఒకతి ఒంగోల్లో టీచరు, ఒకతి బెంగుళూరు, ఒకతి డల్లాస్, ఇంకొకతి మెల్‌బోర్న్. ఏడేళ్ళ బట్టి మాకో వాట్సాప్ గ్రూప్ ఉంది, అందులో రోజూ ఏదో ఒకటి చెప్పుకుంటూనే ఉంటాం, పాలు పొంగిపోయిన దగ్గర్నుంచి మా నాన్న ఆపరేషన్ దాకా. ఈ మధ్య మా చెల్లెలు "అక్కా నాకూ అలాంటి గ్రూప్ కావాలి, ఎలా మొదలుపెట్టాలి" అని అడిగింది, దానికి గంటసేపు ఫోన్లో చెప్పిందంతా ఇక్కడ మీకోసం రాస్తున్నా.

1. ముందు మనుషుల్ని తేల్చుకోండి

ఫోన్లో కాంటాక్ట్స్ తీసి పైనుంచి కిందదాకా చూడండి. ప్రతి పేరు దగ్గరా రెండు ప్రశ్నలు వేసుకోండి. "నిన్న రాత్రి ఏడ్చాను" అని ఈ మనిషికి మెసేజ్ పెడితే పొద్దున్నే లేచాక ఎందుకు పెట్టానా అనిపిస్తుందా? నాకు జీతం పెరిగిందని చెప్తే ఈ మనిషి మొహం వెలుగుతుందా, లేక "ఓ, కంగ్రాట్స్" అని ఊరుకుంటుందా? రెండో ప్రశ్న మొదటిదానికంటే ముఖ్యం అంటాను నేను. కష్టంలో జాలిపడేవాళ్ళు చాలామందే దొరుకుతారు, మన సంతోషానికి సంతోషపడేవాళ్ళే తక్కువ.

ముగ్గురు నుంచి ఆరుగురు, అంతకు మించొద్దు. రాబిన్ డన్‌బార్ అని బ్రిటన్ ఆంత్రోపాలజిస్ట్ ఒకాయన, మనిషి నిలబెట్టుకోగలిగే పరిచయాలు ఓ 150 దాకా ఉంటాయని 1990లలో చెప్పాడు కదా, ఆయన లెక్కలోనే అన్నిటికంటే లోపలి వలయం, అంటే కష్టమొస్తే ముందు ఫోన్ చేసే మనుషులు, ఐదుగురి చుట్టూనే ఉంటారు. మాది ఐదుగురి గ్రూప్ అవడం లెక్కేసుకుని చేసింది కాదు, రూమ్‌లో ఉన్నవి ఐదు మంచాలే, కానీ ఆరో మనిషి వచ్చి ఉంటే మేము ఇంత మనసు విప్పి మాట్లాడుకునేవాళ్ళం కాదేమో అని చాలాసార్లు అనుకున్నా.

చుట్టాల్ని కలపొద్దు. మీ తోడికోడలు ఎంత మంచిదైనా సరే, మీ అత్తగారి విషయం చెప్పుకోవాల్సి వచ్చిన రోజు ఆవిడ ఇరుకున పడుతుంది. ఆఫీసు వాళ్ళని, చిన్ననాటి ఫ్రెండ్స్‌ని కూడా ఒకే గ్రూప్‌లో వెయ్యకండి, ఒకరికొకరు తెలీని చోట ఎవరికీ నోరు పెగలదు. అసలు ఒక్కరే ఉన్నారంటారా, ఆ ఒక్కరితోనే మొదలుపెట్టండి, కింద చెప్పినవన్నీ ఇద్దరికీ పనికొస్తాయి.

చెప్పకుండా గ్రూప్‌లో యాడ్ చెయ్యొద్దు. విడివిడిగా అడగండి. నేనైతే ఇలా పెట్టా: "ఒసేయ్, మనం రోజూ ఏదో ఒకటి చెప్పుకునేలా ఒక గ్రూప్ పెడదాం అనుకుంటున్నా, మనం ఐదుగురమే, ఫార్వర్డ్స్ ఉండవు, వెంటనే రిప్లై ఇవ్వాలనీ లేదు, ఉంటావా?" పది నిమిషాల్లో నలుగురూ ఉంటామన్నారు, అప్పటిదాకా ఎవరికి వాళ్ళు ఇదే అనుకుంటూ అడగలేకపోయారంట.

2. గ్రూప్ సెట్టింగ్స్ మొదటిరోజే చూసుకోండి

ఇది పది నిమిషాల పని, కానీ వదిలేస్తే తర్వాత గొడవే. మీ ఫోన్ ఇంట్లో పిల్లలు తీస్తారు, గేమ్ ఆడుకుంటుంటే పైనుంచి మెసేజ్ కనపడుతుంది. అందుకని నోటిఫికేషన్‌లో మెసేజ్ కనపడకుండా ప్రివ్యూ ఆపెయ్యండి, చాట్ లాక్ అని ఉంటుంది, అది పెడితే మీ వేలిముద్రో పాస్‌వర్డో లేకుండా ఆ చాట్ తెరుచుకోదు. డిసప్పియరింగ్ మెసేజెస్‌లో 24 గంటలు, 7 రోజులు, 90 రోజులు అని మూడు రకాలున్నాయి, మేము 90 పెట్టుకున్నాం, మరీ 24 గంటలైతే మెల్‌బోర్న్‌ది డ్యూటీ నుంచి వచ్చి చూసేలోపే సగం మాయమైపోతాయి. ఆన్ చేసిన తర్వాత పంపినవే మాయమవుతాయి, పాతవి అలాగే ఉంటాయి, అది గుర్తుంచుకోండి.

చాట్ బ్యాకప్ గూగుల్ డ్రైవ్‌లోకో ఐక్లౌడ్‌లోకో వెళ్తుంటే, ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్ (మీ పాస్‌వర్డ్ లేకుండా ఇంకెవరూ చదవలేనిది) అనేది విడిగా ఆన్ చేసుకోండి, ఆ పాస్‌వర్డ్ మర్చిపోతే మాత్రం బ్యాకప్ తిరిగి రాదు కాబట్టి ఎక్కడన్నా రాసుకోండి. ఏదైనా తొందరపడి పంపేస్తే 15 నిమిషాల్లోపు ఎడిట్ చేసుకోవచ్చు, డిలీట్ ఫర్ ఎవ్రీవన్‌కి రెండు రోజుల పైచిలుకు టైమ్ ఉంటుంది.

ఇవన్నీ పెట్టినా స్క్రీన్‌షాట్ తీసేవాళ్ళని ఏ సెట్టింగూ ఆపలేదు. ఒకటో నంబర్లో మనుషుల్ని జాగ్రత్తగా ఎంచుకోమన్నది అందుకే.

3. చిన్నవాటితో మొదలుపెట్టండి, రోజూ చెప్పండి

అందరూ ఇక్కడే ఆగిపోతారు. గ్రూప్ పెడతారు, మొదటిరోజు అందరూ హార్ట్‌లు పెట్టుకుంటారు, తర్వాత ఏదన్నా పెద్ద విషయం జరిగితే చెప్దాంలే అని కూర్చుంటారు. పెద్ద విషయం జరిగిన రోజు నోరు రాదు, ఎందుకంటే ఆర్నెల్లుగా ఏమీ చెప్పకుండా ఒక్కసారిగా "మా ఆయన ఉద్యోగం పోయింది" అని ఎలా మొదలుపెడతాం, ముందు వెనక కథంతా చెప్పుకోవాలి, అదే రోజూ చెప్పుకుంటూ ఉంటే ఆయన ఆఫీసులో నాలుగు నెలలుగా ఏం జరుగుతుందో వాళ్ళకి ముందే తెలుసు కాబట్టి "అయ్యో, అయిపోయిందా" అంటారు, అంతే, అక్కడి నుంచి మాట్లాడుకోవచ్చు.

కాబట్టి రోజుకొకటి. ఎంత చిన్నదైనా సరే. మా గ్రూప్‌లో ఒక్కరోజు వచ్చినవి చూడండి: "పెరుగు తోడుకోలేదు, మూడోరోజు", "మా హెడ్‌మాస్టర్ ఇవాళ నన్ను మెచ్చుకున్నాడు, అదీ స్టాఫ్ రూమ్‌లో అందరి ముందు", "ట్రాఫిక్‌లో గంటన్నర, ఏడుపొచ్చింది, ఎందుకో తెలీదు", "పాప మొదటిసారి అమ్మా అని తెలుగులో రాసింది" (పక్కన ఫోటో, మ కొమ్ములు వంకరగా). వీటికి సలహాలు అక్కర్లేదు, వార్తలూ కావు. ఐదుగురి ఇళ్ళల్లో ఇవాళ ఏం జరుగుతుందో మిగతా నలుగురికీ తెలుస్తూ ఉంటుంది, అంతే కావాల్సింది.

ఏం రాయాలో తోచకపోతే రాత్రి పడుకునేముందు రెండు లైన్లు: ఇవాళ బాగున్నది ఒకటి, బాలేనిది ఒకటి. మేము మొదటి రెండు నెలలు ఇలాగే చేశాం, తర్వాత ఎవరూ గుర్తుచెయ్యాల్సిన అవసరం రాలేదు.

4. ఊ కావాలా, సలహా కావాలా, ముందే చెప్పండి

ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి.

మొదటి ఏడాదిలో మాకు ఒక పెద్ద మనస్పర్ధ వచ్చింది. బెంగుళూరుది రాత్రి పదకొండింటికి వాళ్ళ మేనేజర్ గురించి పొడుగ్గా రాసింది, నేను వెంటనే రెజ్యూమె అప్‌డేట్ చెయ్యి, హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టు, ఫలానా చోట ఓపెనింగ్స్ ఉన్నాయి అని అరడజను సలహాలిచ్చా. అది మూడు రోజులు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది, "నాకు తెలీదా ఆ పనులన్నీ, ఆ రాత్రి నాకు కావాల్సింది ఎవరో ఒకరు అయ్యో అనడం." నాకు చాలా బాధేసింది, నేను ప్రేమతోనే రాశా, కానీ దానికి చేరింది మాత్రం నీకేం చేతకాదు అన్నట్టు.

అప్పుడు ఒంగోల్ది ఈ పద్ధతి పెట్టింది. ఎవరైనా బాధ చెప్పేటప్పుడు మొదట్లోనే ఒక్క మాట రాయాలి. "ఊ" అని రాస్తే వినండి చాలు అని అర్థం. "సలహా" అని రాస్తే ఏం చెయ్యాలో చెప్పండి అని. "ఊ, తర్వాత సలహా" అని కూడా రాయొచ్చు, అలాంటప్పుడు ఆ రాత్రి ఊ కొట్టి మర్నాడు పొద్దున మాట్లాడతాం. రాయడం మర్చిపోతే అవతలివాళ్ళు అడగాలి, "ఊ నా, సలహానా?" అని. అంతే. అప్పట్నుంచి ఇలాంటి గొడవ మళ్ళీ రాలేదు.

మీరు ఏ మాటలైనా పెట్టుకోండి, ఎమోజీ పెట్టుకున్నా పర్లేదు, కానీ ఏదో ఒకటి పెట్టుకోండి.

5. జరిగింది చెప్పండి, అనిపించింది కూడా చెప్పండి

"ఈరోజు చాలా చెత్తగా గడిచింది" అని రాస్తే అవతలివాళ్ళు "ఏమైంది" అంటారు, మీరు "ఏం లేదులే" అంటారు, అక్కడితో అయిపోద్ది. దాని బదులు: "ఊ. పొద్దున పాప స్కూల్ బస్ మిస్సయింది, నేను అరిచాను, అది ఏడుస్తూ వెళ్ళింది, టిఫిన్ బాక్స్ ఇంట్లోనే ఉండిపోయింది, మధ్యాహ్నం దాకా నా గొంతులోకి ముద్ద దిగలేదు, అమ్మ నన్ను ఎప్పుడూ అలా అరవలేదు అనిపిస్తోంది." చూడండి, ఇప్పుడు ఎవరైనా మీ పక్కన కూర్చోగలరు.

1986లో అచ్చయిన ఒక పరిశోధన కోసం డల్లాస్‌లోని సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీలో జేమ్స్ పెన్నబేకర్ అనే సైకాలజిస్ట్ స్టూడెంట్స్ చేత నాలుగు రోజులు, రోజుకి 15 నిమిషాలు, తమకి జరిగిన పెద్ద కష్టం గురించి రాయించాడు. జరిగిందీ దానివల్ల అనిపించిందీ రెండూ కలిపి రాసినవాళ్ళు తర్వాత నెలల్లో హెల్త్ సెంటర్‌కి వెళ్ళడం తగ్గింది. అయితే రాసిన వెంటనే వాళ్ళకి మనసు ఇంకా బరువెక్కింది. ఇది మీకూ జరుగుతుంది, చెప్పిన గంటకి "ఎందుకు చెప్పానా" అనిపిస్తుంది, కంగారుపడి డిలీట్ చెయ్యకండి, ఒకరోజు ఆగండి.

టైప్ చెయ్యలేనప్పుడు వాయిస్ నోట్. మైక్ నొక్కి పైకి జరిపితే లాక్ అవుతుంది, చెయ్యి వదిలేసి వంట చేసుకుంటూ మాట్లాడొచ్చు, పంపేముందు ఒకసారి వినొచ్చు కూడా. నవ్వు, నిట్టూర్పు, వెనకాల కుక్కర్ విజిల్, అవన్నీ వెళ్తాయి కాబట్టి వినేవాళ్ళకి మీరు ఇంట్లోనే ఉన్నట్టుంటుంది. డల్లాస్‌ది మా వాయిస్ నోట్స్ కార్లో ఆఫీసుకెళ్తూ వింటుంది, 2ఎక్స్ స్పీడ్‌లో మాత్రం ఎప్పుడూ పెట్టనని చెప్పింది, మీరు మీ మామూలు గొంతుతోనే కావాలి అంది.

6. సంతోషాన్ని దాచుకోకండి

మనలో చాలామందికి కష్టం చెప్పడం కంటే మంచి చెప్పడమే కష్టం. దిష్టి తగులుతుందని. కడుపుతో ఉంటే మూడో నెల దాటేదాకా చెప్పరు, ఇల్లు కొంటే రిజిస్ట్రేషన్ అయ్యేదాకా చెప్పరు, పిల్లలకి ర్యాంకొస్తే నెమ్మదిగా అంటారు. ఆ భయాన్ని నేను తీసిపారెయ్యను, మా అమ్మ ఇప్పటికీ ఉప్పు తిప్పి దిష్టి తీస్తుంది, నేను నిలబడి తీయించుకుంటా. కానీ ఈ నలుగురి దగ్గర ఆ భయం అక్కర్లేదు, దిష్టి పెట్టేవాళ్ళయితే మీరు ఒకటో నంబర్లోనే తీసేసి ఉంటారు.

ఇంకొక ఇబ్బంది ఉంది. ఒకరికి కష్టం నడుస్తున్నప్పుడు మన సంతోషం చెప్పొచ్చా? మా నాన్న ఆపరేషన్ అయిన వారంలోనే మెల్‌బోర్న్‌దానికి పీఆర్, అంటే అక్కడే ఉండిపోవడానికి పర్మిషన్, వచ్చింది, అది పది రోజులు దాచింది, నేను బాధపడతానని. తెలిసినప్పుడు నిజంగా బాధపడ్డా, దాచినందుకు. హాస్పిటల్ కారిడార్లో కూర్చుని ఉన్నదానికి ఆ రోజు ఒక మంచి మాట దొరికేది కదా. ఇప్పుడు మాకున్న పద్ధతి ఏంటంటే, గ్రూప్‌లో పెట్టేముందు కష్టంలో ఉన్నవాళ్ళకి విడిగా ఒక మెసేజ్: "నాకో మంచి వార్త ఉందే, ఇవాళ వినగలవా, రేపు చెప్పనా?" ఒక్కటి మాత్రం మినహాయింపు. ఎవరికైనా గర్భం పోయి ఉంటే, మన గర్భం వార్త గ్రూప్‌లో అందరి మధ్యా కాకుండా వాళ్ళకి ముందు విడిగా చెప్పాలి, వాళ్ళు ఒంటరిగా ఏడ్చి, తర్వాత వచ్చి శుభాకాంక్షలు చెప్పే టైమ్ ఇవ్వాలి.

మంచి వార్త విన్నప్పుడు థంబ్ పెట్టి వదిలెయ్యకండి. ఒక ప్రశ్న అడగండి. "ఎప్పుడు తెలిసింది? ముందు ఎవరికి చెప్పావు? మీ అమ్మ ఏమంది?" వాళ్ళు ఆ సంతోషాన్ని మళ్ళీ ఒకసారి మీకోసం బతుకుతారు.

7. వినేటప్పుడు

"నీదేముందిలే, నాకైతే" అని మొదలుపెట్టొద్దు. "నేను ముందే చెప్పా" వద్దే వద్దు. "అంతా మన మంచికే", "పాజిటివ్‌గా ఉండు" కూడా వద్దు, చెప్పేవాళ్ళకి అవి తలుపు మూసినట్టే ఉంటాయి. ఏం రాయాలో తెలీకపోతే "ఊ, చెప్పు" అని రాయండి. అవతలివాళ్ళ మాటనే తిరిగి రాయండి: "ముద్ద దిగలేదంటే ఎంత బాధేసి ఉంటదో." మర్నాడు గుర్తుపెట్టుకుని అడగండి, "పాప సాయంత్రం మాట్లాడిందా?" ఆ మర్నాటి ప్రశ్నకి ఉన్న విలువ నాకు మాటల్లో చెప్పడం రాదు.

ఎవరు ఎప్పుడు మేలుకుని ఉంటారో తెలుసుకోండి. మాకు సాయంత్రం ఏడైతే డల్లాస్‌లో ఎండాకాలంలో పొద్దున ఎనిమిదిన్నర, చలికాలంలో ఏడున్నర, మెల్‌బోర్న్‌లో దాదాపు అర్ధరాత్రి. కాబట్టి బ్లూ టిక్ పడి రిప్లై రాలేదని మనసు కష్టపెట్టుకోవడం ఉండకూడదని మొదట్లోనే అనుకోండి. చదివి, ఇప్పుడు మాట్లాడే ఓపిక లేకపోతే "చూశా, రాత్రికి రాస్తా" అని ఒక్క ముక్క చాలు.

8. అందులో మీది కానిది ఎంతుందో చూసుకోండి

మీ కష్టంలో మీ ఆయన ఉంటాడు, అత్తగారు ఉంటారు, పిల్లలు ఉంటారు. మీకు ఏమనిపించిందో అదంతా మీదే, చెప్పుకోండి. కానీ మీ అబ్బాయి తన ఫ్రెండ్ గురించి మీకు రహస్యంగా చెప్పింది, మీ ఆయన మెడికల్ రిపోర్ట్ ఫోటో, ఆడపడుచు కాపురం సంగతి, అవి వాళ్ళవి. వాళ్ళు ఇక్కడ కూర్చుని ఉంటే ఈ మాట ఇలాగే చెప్తానా అని ఒక్క క్షణం ఆగి చూసుకోండి. బ్యాంక్ కాయితాలు, ఆధార్, ఓటీపీలు ఎంత ఫ్రెండ్స్ అయినా పెట్టకండి, ఫోన్ పోతే అన్నీ పోతాయి. అప్పు విషయం గ్రూప్‌లో అడగకండి, విడిగా ఒకరిని అడగండి, లేకపోతే ఇవ్వలేనివాళ్ళు నలుగురి ముందు నలిగిపోతారు.

9. ఒకటే విషయం తవ్వుకుంటున్నారేమో గమనించండి

అమాండా రోజ్ అనే అమెరికన్ పరిశోధకురాలు 2002లో పిల్లల స్నేహాల మీద చేసిన పరిశోధనలో ఒక సంగతి రాసింది: ఇద్దరు ఫ్రెండ్స్ కూర్చుని ఒకటే సమస్యని పదేపదే తవ్వుకుంటుంటే స్నేహం దగ్గరవుతుంది, దాంతోపాటే దిగులూ ఆందోళనా కూడా ఎక్కువగా ఉంటాయి. చదివినప్పుడు మా ఐదుగురమే కనపడ్డాం. బెంగుళూరుదాని మేనేజర్ గురించి మేము ఏడాదంతా తిట్టాం, తిట్టినకొద్దీ దానికి ఆ ఆఫీసుకెళ్ళడం ఇంకా కష్టమైంది.

ఇప్పుడు ఒకే విషయం మూడోసారి వస్తే ఎవరో ఒకరు మెల్లగా అడుగుతాం, "ఇవాళ్టికి ఊ. రేపు దీని గురించి ఒక కాల్ పెట్టుకుని ఏం చెయ్యొచ్చో చూద్దామా?" ఆ కాల్ తర్వాతే అది టీమ్ మారింది.

10. మీ చేతుల్లో లేనప్పుడు

ఎవరైనా బతకాలని లేదు అన్నట్టు రాస్తే, నవ్వులాటగా రాసినా సరే, గ్రూప్‌లో చర్చ పెట్టకండి, వెంటనే ఫోన్ చెయ్యండి. "చచ్చిపోవాలనిపిస్తోందా" అని సూటిగా అడగండి, అడిగితే లేని ఆలోచన వస్తుందని భయపడొద్దు, రాదు. దగ్గర్లో ఉన్నవాళ్ళు ఇంటికెళ్ళాలి. 2022 అక్టోబర్ 10న ప్రభుత్వం మొదలుపెట్టిన మానసిక సమస్యల హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416, రాత్రీపగలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. ప్రాణాపాయం అనిపిస్తే 112. ఇంట్లో కొడుతున్నారంటే 181. ఈ మూడూ ఇప్పుడే ఫోన్లో సేవ్ చేసుకోండి, గ్రూప్ డిస్క్రిప్షన్‌లో కూడా పెట్టండి. విదేశాల్లో ఉన్న ఫ్రెండ్‌కి అక్కడి ఎమర్జెన్సీ నంబర్ (అమెరికా 911, ఆస్ట్రేలియా 000), ఇంటి అడ్రస్, పక్కింటివాళ్ళదో కొలీగ్‌దో ఒక నంబర్ కూడా మీ దగ్గర ఉండాలి.

11. ఎవరైనా మాట్లాడటం మానేస్తే

డల్లాస్‌ది ఒక చలికాలం ఉన్నట్టుండి ఆగిపోయింది. మెసేజ్‌లు చూస్తుంది, రిప్లై ఉండదు. మొదటివారం మేము నలుగురం "ఏమైంది ఏమైంది" అని చంపేశాం, అది ఇంకా లోపలికి వెళ్ళిపోయింది. ఒంగోల్ది మమ్మల్ని ఆపి, దానికి విడిగా ఒక్క మెసేజ్ పెట్టింది: "క్షేమంగా ఉన్నావా? అవును అని ఒక్క ముక్క చాలు, ఇంకేం అడగను." అవును అని వచ్చింది.

అప్పట్నుంచి ఒంగోల్ది రోజూ పొద్దున స్కూలుకెళ్తూ ఒక ఫోటో పెట్టేది. బస్టాండ్ దగ్గర టీ గ్లాసు. మల్లెపూల బుట్ట. బోర్డు మీద పిల్లలు వేసిన నెమలి. కింద ఏమీ రాసేది కాదు, ఎలా ఉన్నావని అడిగేది కాదు. మేము కూడా మా రోజువారీ సంగతులు మామూలుగానే రాస్తూ ఉన్నాం, ఎవరూ ఏమీ జరగనట్టు నటించలా, ఎవరూ తొందరపెట్టలా. మీ గ్రూప్‌లో ఎవరైనా ఇలా ఆగితే ఇదే చెయ్యండి: క్షేమమా అని ఒకసారి అడిగి తెలుసుకోండి, తర్వాత రోజూ ఒక చిన్నది, జవాబు అక్కర్లేనిది, పంపుతూ ఉండండి.

నలభై రోజులు దాటాక ఒకరోజు రాత్రి నా ఫోన్ మోగింది. గ్రూప్‌లో వాయిస్ నోట్, తొమ్మిది నిమిషాలు. ముందొక్క మాట టైప్ చేసి ఉంది.

"ఊ."